అడుగు లేని బావి

రాజమండ్రి

అమ్మాయ్, ఆశీస్సులు.

నీ నాలుగు కథలూ అందాయి. అన్నీ రెండేసి సార్లు చదివాను. దిగుడుబావి కథ మాత్రం మూడోసారి కూడా చదివాను. ఉత్తరం చివర నువ్వొక మాట రాశావు: "నాది రొమాంటిక్ ధోరణి మాస్టారూ. లెక్కలూ కొలతలూ ఉన్న వాస్తవం నాకు పడదు. ఊహ ఎటు తీసుకెళ్తే అటు వెళ్ళిపోతాను. ఎం.ఏ.లో అమెరికన్ రొమాంటిక్స్‌ని చదివినప్పటి నుంచి వాళ్ళే నాకు గురువులు."

ఈ ఉత్తరమంతా ఆ మాటకు జవాబే అనుకో. నలభై ఏళ్ళుగా వాళ్ళు నాకూ గురువులు. ఎమర్సన్, థోరో, హాథోర్న్, మెల్విల్, పో, విట్మన్, డికిన్సన్, పంతొమ్మిదో శతాబ్దపు ఈ అమెరికన్ రచయితల పుస్తకాలు నా బల్ల మీద నుంచి అలమరలోకి వెళ్ళిన రోజులు తక్కువ. కానీ లెక్కలూ కొలతలూ పడని మనిషి వాళ్ళలో ఒక్కరూ నాకు కనబడలేదు.

వాల్డెన్ చెరువు దగ్గర మొదలుపెడతాను. నీ బావి నాకు ఆ చెరువునే గుర్తుచేసింది. కథలో మీ నాయనమ్మ "ఈ బావికి అడుగు లేదే" అంటుంది. మసాచుసెట్స్‌లో కాంకర్డ్ ఊరివాళ్ళు కూడా వాల్డెన్ చెరువుకు అడుగు లేదనే చెప్పుకునేవారు. ఎన్నాళ్ళ నుంచో నడిచిన నమ్మకం అది. ఎవరూ తాడు వేసి చూడలేదు. థోరో ఆ చెరువు ఒడ్డున గుడిసె కట్టుకుని 1845 జులై 4 నుంచి రెండేళ్ళ రెండు నెలలు ఉన్నాడు. 1846 మొదట్లో, చెరువు ఇంకా గడ్డకట్టి ఉండగా, దిక్సూచి, గొలుసు, తాడు పట్టుకుని చెరువంతా సర్వే చేశాడు. తాడంటే చేపలు పట్టే తాడే. దాని చివర పౌనున్నర బరువున్న రాయి. అన్నిటికంటే లోతైన చోట 102 అడుగులు వచ్చింది.

ఆ అంకె రాసిన వెంటనే అతను ఏమంటాడో చూడు. ఈ చెరువు ఇంత లోతుగా, ఇంత స్వచ్ఛంగా ఒక ప్రతీకలాగా ఉన్నందుకు సంతోషిస్తున్నాను అంటాడు. మనుషులు అనంతాన్ని నమ్ముతున్నంత కాలం కొన్ని చెరువులకు అడుగు లేదనే అనుకుంటారు అని కూడా అంటాడు. లోతు తెలిసిపోయింది కదా, ఇక రహస్యం ఏముంది అని అతను అనుకోలేదు. తెలిశాకే ఆ చెరువు అతని చేతిలో ప్రతీక అయింది. 1854లో ఆ రోజుల గురించి రాసిన 'వాల్డెన్' పుస్తకం వచ్చినప్పుడు తాను గీసిన చెరువు పటాన్ని కూడా అందులో వేయించాడు. నాకు ఆ పటం ఎంత ఇష్టమో చెప్పలేను. ఆధ్యాత్మిక గ్రంథంలాగా చదివే పుస్తకంలో లోతుల అంకెలు వేసిన ఒక పటం!

గుడిసె సంగతి కూడా అంతే. పలకలకు ఇంత, మేకులకు ఇంత అని పద్దు రాసి, మొత్తం 28 డాలర్ల 12న్నర సెంట్లు అని తేల్చాడు. ఆ అర సెంటు వదల్లేదు. మనిషి ఎంత తక్కువతో బతకగలడు అని అడిగినవాడు ఆ తక్కువ ఎంతో లెక్క చెప్పకపోతే వినేవాళ్ళు ఎందుకు నమ్మాలి?

చెరువు కొలిచిన ఆ అధ్యాయంలోనే మన దాకా వచ్చే సంగతి ఒకటుంది. 1846-47 చలికాలంలో వందమంది కూలీలు వచ్చి వాల్డెన్ మీది మంచును దిమ్మలుగా కోసి ఒడ్డున కుప్ప పోశారు. పదివేల టన్నులని అంచనా. అప్పట్లో న్యూ ఇంగ్లండ్ మంచు ఓడలెక్కి ప్రపంచమంతా తిరిగేది. 1833లో మొదటిసారి కలకత్తా చేరింది. మద్రాసులో ఆ మంచు దాచడానికి 1842లో సముద్రం ఒడ్డున ఒక భవనం కట్టారు. తర్వాతి కాలంలో వివేకానందుడు బస చేసిన ఇల్లు అదే. ఆ పేటను ఇప్పటికీ ఐస్ హౌస్ అనే అంటారు. కోస్తా, రాయలసీమ జిల్లాలన్నీ అప్పుడు మద్రాసు ప్రెసిడెన్సీలోవే కాబట్టి ఆ మంచు దిగింది మన రాజధానిలోనే అనుకోవచ్చు. మంచు కోసేవాళ్ళను చూస్తూ థోరో, మద్రాసు, బొంబాయి, కలకత్తా జనం నా బావి నీళ్ళు తాగుతున్నారు అని రాశాడు. పొద్దున్నే భగవద్గీత చదివి, పుస్తకం పక్కన పెట్టి నీళ్ళకు వెళ్తే, అక్కడ గంగ ఒడ్డు బ్రాహ్మడి నౌకరు కూడా నీళ్ళకే వచ్చాడట. ఇద్దరి బొక్కెనలూ ఒకే బావిలో రాసుకున్నాయట. వాల్డెన్ నీళ్ళు గంగలో కలిశాయట.

నువ్వు ఇష్టపడే రకం ఊహే ఇది. కానీ ఆ ఊహ ఎక్కిన ఓడ నిజం ఓడ. దానికి సరుకుంది, కూలీలున్నారు, రేవులున్నాయి. ఆ మంచు కుప్ప మీద గడ్డి కప్పారని, ఎక్కువ భాగం అమ్ముడుపోకుండా అక్కడే ఉండిపోయిందని, 1848 సెప్టెంబరు దాకా పూర్తిగా కరగలేదని కూడా అతనే రాశాడు. వెళ్ళి చూస్తూ ఉన్నాడన్నమాట, అన్ని నెలలు.

ఇక్కడ నీ అలవాటు గురించి ఒకటి అడగాలి. "మూడ్ వచ్చినప్పుడే రాస్తాను" అన్నావు. మూడ్ లేని రోజుల్లో ఏం చేస్తావు? థోరోకి ఇరవై ఏళ్ళప్పుడు ఒక పెద్దాయన రెండు ప్రశ్నలు వేశాడు: ఇప్పుడేం చేస్తున్నావు? డైరీ రాస్తున్నావా? ఆ పెద్దాయన ఎమర్సనే అని అందరూ నమ్ముతారు. 1837 అక్టోబరు 22న థోరో డైరీలో మొదటి వాక్యాలు ఆ ప్రశ్నలే. "అందుకని ఇవాళ మొదలుపెడుతున్నాను" అని రాసుకున్నాడు. అలా మొదలైన డైరీ ఇరవై లక్షల మాటలు దాటింది. వాల్డెన్ పుస్తకం సరుకంతా అందులోంచి వచ్చిందే. దాన్ని కూడా ఏడు విడతలు తిరగరాశాడు. ఎమర్సన్ తన డైరీని సేవింగ్స్ బ్యాంకు అన్నాడు. సంపాదించింది వేసుకోవడానికి ఒక చోటు ఉంది కాబట్టే నేను ధనవంతుణ్ణి అవుతున్నాను అన్నాడు. ఒక యువ రచయితకు నేను ఇవ్వగలిగిన సలహాల్లో ఆ రెండు ప్రశ్నలకు మించింది నాకు దొరకలేదు. అందుకే నిన్నూ అవే అడుగుతున్నాను.

నీ మొదటి కథ, తల్లి చనిపోయిన కథ, గురించి చెప్పడం కష్టం. అది నీ సొంత అనుభవమని నాకు తెలుసు. అయినా చెప్పాలి. అందులో "గుండె పగిలింది" అనే మాట ఏడు చోట్ల ఉంది. "కన్నీటి సముద్రం" మూడు చోట్ల. ఎవరి గుండె పగిలినా ఆ మాటే వాడతారు కాబట్టి నీ గుండె ఎలా పగిలిందో నాకు కనబడలేదు.

ఎమర్సన్ ఏం చేశాడో చూడు. అతన్ని మనం ఆత్మవిశ్వాసానికి జెండాలాగా పట్టుకుంటాం. 1832లో మతబోధకుడి ఉద్యోగం వదిలేశాడు. 1836లో ప్రకృతి మీద పుస్తకం, 1837లో హార్వర్డ్‌లో అమెరికన్ పండితుడి మీద ప్రసంగం, 1841లో 'సెల్ఫ్ రిలయన్స్' వ్యాసం. యూరప్ చెప్పినదాన్ని వల్లె వేసింది చాలు, మన కళ్ళతో మనం చూద్దాం అని ఒక తరం మొత్తాన్ని లేపిన మనిషి. మరుసటి ఏడాది, 1842 జనవరిలో, ఐదేళ్ళ కొడుకు వాల్డో స్కార్లెట్ జ్వరంతో చనిపోయాడు. రెండేళ్ళ తర్వాత 'ఎక్స్‌పీరియన్స్' వ్యాసంలో ఆ చావు గురించి రాశాడు. నా కొడుకు పోవడం అంటే ఒక మంచి ఆస్తి పోయినట్టుంది, అంతకు మించి లేదు అన్నాడు. దుఃఖం నాకేమీ నేర్పలేకపోతోందే, అదే నా దుఃఖం అన్నాడు.

మొదటిసారి చదివినప్పుడు నాకు ఒళ్ళు మండింది. తండ్రి రాయాల్సిన మాటేనా ఇది అనుకున్నాను. మా నాన్న పోయిన ఏడాది మళ్ళీ చదివాను. పదకొండో రోజు వంటవాళ్ళకు ఇవ్వాల్సిన బాకీ లెక్క చూసుకుంటూ, నాకు ఏడుపు రావడం లేదేమిటి అని టెన్షన్ పడిన గంట ఒకటి గుర్తొచ్చింది. అప్పుడు ఆ వాక్యం ఎంత నిజమో తెలిసింది. ఎమర్సన్ తన లోపలికి కూడా తాడు వేశాడు. రాయి ఎక్కడ తగిలిందో అక్కడే ఆ అంకె రాశాడు. లోకం ఎంత లోతు ఉండాలనుకుంటుందో ఆ అంకె రాయలేదు. 'సెల్ఫ్ రిలయన్స్' అంటే నాకు అర్థమైంది ఇదే. ఆ వ్యాసంలోనే ఇంకో మాట ఉంది, దాన్ని నీ బల్ల మీద రాసిపెట్టుకో: గొప్ప రచనల్లో మనం చూసేది మనం తోసేసిన మన ఆలోచనల్నే, అవి పరాయి దర్జాతో మన దగ్గరికి తిరిగొస్తాయి. అమ్మ పోయినప్పుడు నీకు వచ్చిన ఆలోచనల్లో, ఛీ ఇదేమిటి అని నువ్వు తోసేసినవి కొన్ని ఉంటాయి. కథ అక్కడుంది.

నాలుగో కథలో వెన్నెల బాగా కురిసింది. కురిసింది ఒక గదిలో. ఆ గదిలో ఏముందో మాత్రం చెప్పలేదు. హాథోర్న్ 'ది స్కార్లెట్ లెటర్'కి ముందు రాసిన 'కస్టమ్ హౌస్' అనే పెద్ద ప్రవేశికలో వెన్నెల గురించి ఒక పేరా ఉంది, రొమాన్స్ రాసేవాళ్ళకు అంతకు మించిన పాఠం నాకు తెలియదు. రోజూ కూర్చునే గదే. తివాచీ, కుర్చీలు, బల్ల మీద కుట్టుపని బుట్ట, ఒకటి రెండు పుస్తకాలు, ఆర్పేసిన దీపం. పిల్ల చెప్పు ఒకటి, చిన్న బండిలో కూర్చోబెట్టిన బొమ్మ, కొయ్యగుర్రం. పగలు వాడుకున్న ఈ వస్తువులే వెన్నెల పడేసరికి దూరంగా, వింతగా మారిపోతాయి. అసలూ ఊహా కలుసుకునే నడిమి చోటుగా ఆ గది మారుతుంది. వెన్నెల కొత్త వస్తువు ఒక్కటి కూడా తీసుకురాలేదు, గమనించావా? ఆ పిల్ల చెప్పు లేకపోతే వెన్నెలకు పని లేదు. పైగా వెన్నెల ఒక్కటే చాలదని, బొగ్గుల పొయ్యి వెచ్చదనం కూడా తగిలితేనే ఆ నీడలు మనుషులవుతాయని కూడా అంటాడు.

రొమాంటిక్ అనే మాట మన దగ్గర సినిమా పాటల వైపు వెళ్ళిపోయింది. పాఠాల్లో కాల్పనికవాదం అంటాం. హాథోర్న్ తన పుస్తకాల్ని రొమాన్స్ అనే పిలుచుకున్నాడు. 1851లో 'ది హౌస్ ఆఫ్ ది సెవెన్ గేబుల్స్' ముందుమాటలో చెప్పాడు: రొమాన్స్ రాసేవాడు వెలుగునీడల్ని తనకు నచ్చినట్టు సర్దుకోవచ్చు, కానీ మనిషి హృదయంలోని సత్యం నుంచి పక్కకు తప్పుకుంటే అది క్షమించరాని పాపం. అతని హృదయానికి తెలిసిన సత్యం ఇంట్లోదే. 1692లో మసాచుసెట్స్‌లోని సేలంలో మంత్రగత్తెలని ముద్రవేసి ఆడవాళ్ళను విచారించిన జడ్జీల్లో ఒకడు అతని పూర్వీకుడు. 1849లో సేలం కస్టమ్స్ ఉద్యోగం పోయింది, ఆ వేసవిలోనే తల్లి పోయింది. ఆ తర్వాత కూర్చుని రాసిన పుస్తకమే 'ది స్కార్లెట్ లెటర్'. చివరి పుటలు భార్యకు చదివి వినిపిస్తే ఆమె తలనొప్పితో వెళ్ళి పడుకుందట. దాన్ని అతను విజయంగా లెక్కపెట్టాడు.

మెల్విల్ దగ్గరకు వస్తే మళ్ళీ తాడే. 'మోబీ డిక్' నువ్వు సగంలో వదిలేశానన్నావు, తిమింగలాల వర్ణన విసుగనిపించిందని. అరవయ్యో అధ్యాయం ఒక్కటి మళ్ళీ చదువు. చిన్నది, ఒక కాఫీ తాగేలోపు అయిపోతుంది. అది పూర్తిగా తిమింగలాన్ని వేటాడే తాడు గురించే. మందం అంగుళంలో మూడింట రెండు వంతులు. పొడవు 200 బారలకు పైన. మూడు టన్నుల లాగుడును తట్టుకుంటుంది. తొట్టిలో ఎలా చుట్టాలి, ఒక్క మెలిక పడినా ఎవరి చెయ్యి, ఎవరి కాలు ఎగిరిపోతుంది, అది పడవలో ప్రతి మనిషినీ ఎలా చుట్టుకుని ముందుకు పోతుంది, అన్నీ చెప్తాడు. మనం ఆ పడవలో కూర్చున్నాం, మన మణికట్టుకు ఆ తాడు రాసుకుంటోంది అని ఒంటికి తెలిశాక, అప్పుడు అంటాడు: మనుషులందరూ తిమింగలపు తాళ్ళు చుట్టుకునే బతుకుతున్నారు, అందరూ మెడలో ఉరితాడుతోనే పుడతారు. ఆ వాక్యాన్ని అధ్యాయం మొదట్లో పెట్టి చూడు. ఒట్టి సూక్తిగా మిగిలిపోతుంది. ఆ బారలూ ఆ టన్నులూ ముందు రాశాడు కాబట్టే చివరి వాక్యం మన మెడకు బిగుస్తుంది. అతను ఇరవై ఒకటో ఏట, 1841 జనవరిలో, తిమింగలాల ఓడెక్కి వెళ్ళాడు. ఆ తాడు అతని చేతిలో ఆడిన తాడు.

రెండో కథ గురించి నేను కొంచెం గట్టిగానే మాట్లాడతాను. అరకు కొండల్లో ఒక గిరిజన అమ్మాయి. ఆమెను "ప్రకృతి కన్య" అన్నావు. జలపాతంలా నవ్వుతుంది, లేడిలా పరిగెత్తుతుంది, పట్నం నుంచి వెళ్ళిన నీ కథానాయకుడికి జ్ఞానోదయం కలిగించి, చివర్లో పొగమంచులో మాయమైపోతుంది. ఆమెకు పేరు కూడా లేదు. ఏ తెగో, ఏ భాష మాట్లాడుతుందో, వాళ్ళింట్లో ఏం పండిస్తారో లేదు.

నీ గురువులు కూడా ఈ తప్పు చేశారు. 1826లో కూపర్ అనే రచయిత 'ది లాస్ట్ ఆఫ్ ది మొహికన్స్' నవల రాశాడు. పేరులోనే ఒక జాతి అయిపోయిందని ప్రకటించాడు. చదివినవాళ్ళు కన్నీళ్ళు పెట్టుకున్నారు. నాలుగేళ్ళ తర్వాత, 1830లో, ఆదివాసులను మిసిసిపీ నదికి అవతలికి తరిమే చట్టాన్ని అమెరికా ప్రభుత్వం చేసింది. 1838లో చెరోకీలను సైన్యంతో నడిపించారు, వేలమంది దారిలో చచ్చిపోయారు. ఆ కన్నీళ్ళు ఎవరినీ ఆపలేదు. ఎలాగూ మాయమైపోయే జనమే కదా అనే నమ్మకానికి ఆ అందమైన విషాదం అలవాటు చేసింది. మొహికన్లు మాయం కాలేదు. వాళ్ళ సంతతి ఈ రోజుకీ విస్కాన్సిన్‌లో సొంత ప్రభుత్వంతో ఉంది. ఆ తరంలో గొంతెత్తినవాళ్ళూ ఉన్నారు. చెరోకీల కోసం ఎమర్సన్ 1838లో అధ్యక్షుడికి బహిరంగ లేఖ రాశాడు. బానిసత్వాన్ని మోసే ప్రభుత్వానికి పన్ను కట్టనని థోరో ఒక రాత్రి జైల్లో ఉన్నాడు. కానీ అందమైన చోట, అందమైన దూరం నుంచి చూసి, అక్కడి మనిషిని పొగమంచుగా మార్చేయడం ఈ ధోరణికి పుట్టుకతో వచ్చిన జబ్బు. ఆ కథను పత్రికలకు పంపకు. అరకు వెళ్ళు, ఆ సంతలో ఒక రోజంతా కూర్చో, ఎవరి దగ్గర ఏముందో, ఎంతకు అమ్ముతున్నారో విను. తర్వాత కూడా ఆ కథ రాయాలనిపిస్తే అప్పుడు చూద్దాం.

పో గురించి నువ్వు చాలా రాశావు, నేను కొద్దిగానే రాస్తాను. అతన్ని మత్తులో రాసినవాడిగా చూడకు. కథంటే ఒక్కసారి కూర్చుని చదివేసేది, అందులో ప్రతి మాటా ముందే అనుకున్న ఒకే ఒక్క ముద్ర వైపు నడవాలి అని 1842లోనే రాసిన మనిషి. నీ కథల్లో మొదటి పేరాలు తీసేస్తే పోయేదేమీ లేదని అతనైతే మొహమాటం లేకుండా చెప్పేవాడు.

పుస్తకం ఎప్పుడు వేయమంటారు అని అడిగావు. నా మొదటి పుస్తకం 500 కాపీలు సొంత డబ్బుతో వేశాను. అమ్మిపెడతానన్నవాళ్ళు ఏడాది తర్వాత 340 కాపీలు తిరిగి పంపారు. ఆ కట్టలు మంచం కింద పెట్టుకుని రెండేళ్ళు ఒక్క వాక్యం రాయలేదు. ఆ రెండేళ్ళు పోయినందుకు ఇప్పటికీ బాధే. థోరో మొదటి పుస్తకం 1,000 కాపీలు వేస్తే 1853లో ప్రచురణకర్త 706 కాపీలు బండికెత్తి ఇంటికి పంపాడు. వాటిని వీపు మీద మోసుకుంటూ మేడ మీదికి చేర్చాడు. నా దగ్గర ఇప్పుడు దాదాపు 900 పుస్తకాల గ్రంథాలయం ఉంది, అందులో 700కి పైగా నేను రాసినవే అని డైరీలో రాసుకున్నాడు. అక్కడితో ఆగలేదు. ఈ కట్టల పక్కనే కూర్చుని, ఎప్పటిలాగే తృప్తిగా ఈ రాత్రీ కలం పట్టుకున్నాను అని కూడా రాశాడు. 'వాల్డెన్' వచ్చింది ఆ మరుసటి ఏడాదే. ఈ సంగతి నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. నీకు ఇప్పుడే తెలియాలని రాస్తున్నాను.

విట్మన్ 1855లో తన 'లీవ్స్ ఆఫ్ గ్రాస్'ని సొంతంగా 795 కాపీలు వేశాడు, కొంత టైపు తనే కూర్చాడు. పన్నెండు కవితల పుస్తకం. దాన్నే చనిపోయేదాకా పెంచుతూ, మారుస్తూ పోయాడు. ఒక గొప్ప జీవితం మొదలవుతున్నందుకు నీకు స్వాగతం అని ఎమర్సన్ అతనికి ఉత్తరం రాస్తే, ఆ వాక్యాన్ని అడక్కుండానే రెండో ముద్రణ వెన్ను మీద బంగారు అక్షరాల్లో వేసుకున్నాడు. ఆ పని నాకు నచ్చలేదు. నా ఉత్తరంలోంచి నువ్వూ ఏ వాక్యమూ తీసి వేయకు. నీ కథలను నీ కథలే మోయాలి.

చివరగా, సలహాలిచ్చేవాళ్ళ గురించి. 1862 ఏప్రిల్‌లో అట్లాంటిక్ మంత్లీ పత్రికలో హిగ్గిన్సన్ అనే రచయిత యువ రచయితలకు ఒక లేఖ రాశాడు. నేనిప్పుడు చేస్తున్న పనే. అది చదివి ఆమ్హెర్స్ట్ నుంచి ముప్ఫై ఒక్క ఏళ్ళ స్త్రీ నాలుగు కవితలు పంపింది. నా కవిత్వానికి ప్రాణం ఉందో లేదో చెప్పే తీరిక మీకుందా అని అడిగింది. సంతకం పెట్టలేదు, పేరు వేరే చిన్న కవరులో పెట్టింది. ఎమిలీ డికిన్సన్. ఊహాలోకంలో బతికిందని నువ్వు రాసిన డికిన్సన్ చిన్నప్పుడే 424 పూల, ఆకుల నమూనాలు ఆరబెట్టి, పుస్తకంలో అతికించి, పేర్లు రాసి పెట్టుకుంది. ఆమె కవితల్లో ఈగ ఈగే, తేనెటీగ తేనెటీగే. హిగ్గిన్సన్ మంచివాడు. బానిసత్వం మీద పోరాడినవాడు, నల్లజాతి సైనికుల దళాన్ని నడిపినవాడు. ఆమెకు ఓపిగ్గా జవాబులు రాశాడు. కానీ లయ సరిగ్గా లేదన్నాడు, ఇప్పుడే అచ్చు వేయొద్దన్నాడు. ఆమె దాదాపు 1,800 కవితలు రాస్తే బతికుండగా అచ్చయినవి పది దాకా మాత్రమే. 1886లో ఆమె పోయాక, 1890లో మొదటి పుస్తకం వేస్తూ అతనూ, ఇంకో సంపాదకురాలూ కలిసి ప్రాసలు సరిచేశారు, పేర్లు పెట్టారు. ఆమె రాసినది రాసినట్టుగా మొత్తం బయటికి రావడానికి 1955 దాకా పట్టింది.

అదే హిగ్గిన్సన్‌కి ఆమె ఒకసారి, మీరు నా ప్రాణం కాపాడారు, ఆ సంగతి మీకు తెలియదు అని రాసింది. ఈ రెండూ నిజమే. అతని చేతిలో ఉన్న కొలబద్ద ఆమెకు చాలలేదు. అయినా అతను జవాబు రాయడం ఆమెకు అవసరమైంది. నేను చెప్పినవాటిలో ఏది నీకు పొట్టిదో నాకు తెలిసే దారి లేదు. నీ వాక్యం చదివి నీకే ఒళ్ళు చల్లబడితే, అక్కడ నేను పెట్టిన ఎర్ర గీతను చెరిపెయ్.

దిగుడుబావి కథలో అలాంటి వాక్యం ఒకటుంది. నీళ్ళలో నాయనమ్మ మొహం కనబడేచోట. దాని చుట్టూ గీత పెట్టాను, పచ్చ సిరాతో. మిగతాదంతా మళ్ళీ రాయాలి. సంక్రాంతికి ఊరెళ్తున్నానన్నావుగా. ఒక గట్టి తాడు తీసుకెళ్ళు, చివర కట్టడానికి రాయి అక్కడే దొరుకుతుంది. ఒక్కదానివే దిగకు, మెట్లు పాచిపట్టి ఉంటాయి, మీ బాబాయినో ఎవరినో తోడు తీసుకెళ్ళు. మెట్లెన్నో లెక్కపెట్టు. తాడు ఎన్ని బారలు దిగిందో రాసుకో. ఈ బావికి అడుగు లేదని తనకు ఎవరు చెప్పారో, ఎందుకు చెప్పారో నాయనమ్మని అడుగు. రాసి పంపు. ఉగాది దాకా నేను ఊళ్ళోనే ఉంటాను.

ఇట్లు
మీ మాస్టారు